పాటుకి తెరుచుకునే గుహ

ముందే చెప్పేస్తున్నానండి, ఇక్కడ రాయి లేదు.
తాళ్ళరేవు రోడ్డు మీద ఆ బోర్డు
‘అడవిలో జీపు, గుహలో ఈత’ అని
రాయించింది మా బావమరిది ఏసుబాబు.
రంగు డబ్బా వాడిదే, అబద్ధమూ వాడిదే.
జీపు మాత్రం నాది.
రొయ్యలకి ఐసు మోసీ మోసీ
సీటు కింద ఇంకా నీచు వాసనొస్తది,
ఏమీ అనుకోకండి.

పట్టుకోండి.
కడ్డీ పట్టుకోండి, పక్కాయన్ని కాదు.
ఎడమ చక్రం చెరువులోళ్ళ గట్టు మీద,
కుడి చక్రం అడవిశాఖ వారి బురదలో.
మధ్యలో నలిగే గడ్డి ఒక్కటే మనది.
నిన్న వాన పడింది కదా,
కాసేపు జీపు పడవైపోద్ది.
అప్పుడు నేను స్టీరింగు తిప్పను,
తెడ్డేస్తాను.

వంగండి! తిల్ల కొమ్మ.
దాని పాలు కంట్లో పడ్డాయంటే
చూద్దామని వచ్చినవన్నీ
ఊహించుకోవాల్సిందే.

ఇక్కడ ఇంజను ఆపుతాను.
ఒక్క నిమిషం ఎవరూ మాటాడకండి.
చిటపట… చిటపట…
ఎవరో పోపు పెడుతున్నట్టు లేదూ?
పాటు తీశాక బురద చేసే చప్పుడది.
మా అమ్మ పీతలకి ఇటొచ్చినప్పుడల్లా
‘అడవికి ఆకలేసిందిరా’ అనేది.

మొసళ్ళా?
ఉంటే ముందు నన్ను తినాలండి,
మొదట దిగేది నేనే.

ఇదిగో, మా గుహ.
రెండు గట్ల ఉప్పుపొన్నలూ
వేళ్ళు దింపుకుని, కొమ్మలు కలుపుకుని
కాలవకి కప్పు వేసిన చోటు.
నీళ్ళిప్పుడు రొమ్ముదాకా.
రెండు గంటలాగితే పోటొచ్చి
కప్పు దాకా నింపేస్తది.
అందుకే పద్దాకా గడియారం చూసుకుంటున్నాను,
మీరంటే విసుగై కాదు.

అయిదుగురు దిగారు.
కేకలు, నవ్వులు,
కాలికి ఏదో తగిలిందని ఒకమ్మాయి అరుపు.
ఆరో ఆయన దిగలేదు.

కరీంనగర్ మనిషి, రాజలింగం గారు.
నల్లరాయి కోతల్లో ముప్పయ్యేళ్ళు చేశాడంట.
బానెట్ మీద కూర్చుని
బూటుకంటిన ఒండ్రుని పుల్లతో గీకుతూ
‘రాయి లేని గుహేందయ్యా’ అన్నాడు.

నాకు కోపం రాలేదు. అడిగింది న్యాయమే.
‘గోదారి మీ వైపు నుంచే కదండీ వచ్చేది,
మీ గుట్టల్నే అరగదీసుకుంటూ వస్తది.
ధవళేశ్వరం కాడికి ఇసకైపోద్ది,
మా కాడికి గంధమైపోద్ది.
మీ బూటుకున్నది
మీ ఊరిదే కావచ్చు’ అన్నాను.

పుల్ల ఆగింది.
చిటికెడు తీసి బొటనవేలితో నలిపాడు,
వాసన చూశాడు.
‘దీనికి వయసెంతుంటది?’ అన్నాడు.

నాకన్నా చిన్నదేనండి.
మా నాన్న పెళ్ళికి ముందు
ఇదే చోట వల విసిరేవాడు, సముద్రంలోకి.
నేను పుట్టేనాటికి మేట వేసింది.
మోకాలెత్తు మొక్కల్ని
మా అక్క గేదెలు తొక్కుతుంటే తిట్లు తిన్నాం.

కోట్ల ఏళ్ళ లెక్కలో బతికిన మనిషి
కాసేపు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.
తరవాత బూట్లు విప్పాడు.
కళ్ళజోడు నా జేబులో పెట్టాడు,
అడక్కుండానే.

లోపల ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది.
ఆయన ఈదలేదు,
నడిచాడు, నీళ్ళని రెండు చేతుల్తో పక్కకి జరుపుతూ.
నడిమధ్యలో ఆగి తలెత్తి
నెత్తి మీది వేరుని వేలికణుపుతో కొట్టి
చెవి పెట్టాడు,
రాతిలో బీట వెతికేవాడిలాగా.
ఏం వినబడిందో.
‘గిది ఇంక పుడ్తనే ఉన్నది’ అన్నాడు,
నాతో కాదు.

అంతలో నీళ్ళు ఆయన భుజం దాటాయి.
ఈల వేశాను. అందరం బయటికొచ్చాం.
వెనక్కి చూస్తే గుహ లేదు,
ఆకులు తేలుతున్న కాలవ ఉంది.

గట్టు మీద చెంబుతో నీళ్ళిచ్చాను
కాళ్ళు కడుక్కోమని.
అయిదుగురూ కడుక్కున్నారు.
ఆయన మాత్రం వద్దన్నాడు, ఎండనీ అన్నాడు.

తాళ్ళరేవులో కాకినాడ బస్సెక్కుతుంటే
మెట్టు మెట్టుకీ బూడిదరంగు పెచ్చులు రాలాయి.
కండక్టరు తిట్టుకుంటూనే టికెట్టు కొట్టాడు.
ఆయన కళ్ళజోడు
ఇంకా నా జేబులోనే ఉంది.